ఒళ్ళు చల్లబడ్డాక

గురువారం, రాత్రి. ముసురు వదల్లేదు.

డెంగీ అని తేలిన రత్నంగారిని మధ్యాహ్నం ఆవిడ భర్త ఆటోలో మా ఆస్పత్రికి తీసుకొచ్చారు. కడుపులో ఒకటే నొప్పి, ఆగని వాంతులు. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటపట్టి ఉంది.

"నిన్ననే జ్వరం విడిచిందండీ. నీళ్ళు పోసి, బీరకాయ కూరతో పథ్యం కూడా పెట్టేనండి. ఇంక రక్తపరీక్ష ఎందుకులే అనుకున్నానండి" అన్నారాయన.

ఎవరింట్లోనైనా చేసేది అదే. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గాకే మొదలవుతుందని, అందుకే రోజూ రమ్మన్నామని చెప్పాను. "ఆయ్" అన్నారు. మళ్ళీ ఆయనే, "నీళ్ళు పోసినందుకే ఇలా అయిందాండీ?" అని అడిగారు. కాదండీ అని ఎంత చెప్పినా నమ్మినట్టు లేరు.

డాక్టరుగారు చెప్పినట్టు సెలైన్ ఎక్కించాను. సాయంత్రానికి ఆవిడ చేతులు కాస్త వెచ్చబడ్డాయి, మూత్రం వచ్చింది. ఆయన మాత్రం ఆవిడ నుదుటి మీంచి చెయ్యి తియ్యలేదు. అదే నుదురు నిన్న చల్లగా తగిలితే ఎంత సంతోషించారో పాపం.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. మా పాపకి మొన్నటి నుంచీ జ్వరం.

"ఒళ్ళు చల్లబడిందమ్మా! రేపు నీళ్ళు పోసేద్దాం" అన్నారు, ముఖం వెలిగిపోతూ.

సంతోషించడం నాకు చేతకాలేదు. నిన్నటి పరీక్షలో డెంగీ లేదనే వచ్చింది. అయినా...

నిద్రపోతున్న పాప పాదాలు పట్టుకు చూశాను. వెచ్చగానే ఉన్నాయి. ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్ళి మళ్ళీ చూశాను.