నూనె లేని కానాగంతలు

చిల్లకల్లు,
14-6-1983

అన్నయ్యకు,

నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే మన్నించు.

కిందటి బుట్టలో నువ్వు పంపిన ఎండు కానాగంత చేపలు అరచేయంత కూడా లేవు. మా అత్తగారు చూసి, "మీ అన్న పెద్దవి ఇంకెవరికో అమ్ముకుని మనకి పిల్ల చేపల్ని పంపుతున్నాడే, దొంగ!" అన్నారు. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. ఈ ఏడు సముద్రం నీళ్లు చేతికి వెచ్చగా తగులుతున్నాయనీ, మేత లేక చేపలు చిక్కిపోయాయనీ, అత్తింట్లో నాకు మాట రాకూడదని పెద్ద చేపల కోసం మూడు రోజుల దూరం నావ మీద పోతున్నావనీ రాశావు. ఏడుస్తూనే ఆవిడకు చదివి వినిపించాను.

ఆవిడ ఇంట్లో మిగిలిన నిరుటి చేపనీ, ఇప్పటి చేపనీ పాత పేపరు మీద పెట్టి రాయితో నొక్కారు. నిరుటిది నూనె మరక వేసింది. ఇప్పటిది కాగితానికి అంటనే లేదు, ఒంట్లో కొవ్వుంటేగా.

మర్నాడు జగ్గయ్యపేట సంతలో మా దగ్గర చేపలు కొనడానికొచ్చిన ఒకామె అత్తగారితో, "ఏం ఆరోగ్యమ్మా, చేపలు కూడా ఉపాసముంటున్నాయా?" అని నవ్వింది.

"ఉంటున్నాయమ్మా. సముద్రమే కాగుతుంటే వాటికి మేతెక్కడిది? పట్టినోడి తప్పేం లేదు. కావాలంటే తీసుకో, లేదంటే లే," అన్నారు అత్తగారు. సముద్రాన్ని కంటితో చూడని మనిషి! నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

"చిన్నవే పంపమను, నేను అమ్ముకుంటా. దూరం పోవద్దని గట్టిగా రాయి." ఆవిడ రాయమన్నది ఇంతే. మిగతాదంతా నా అంతట నేనే రాశాను. నిన్ను దొంగన్నారని తెలిస్తే వదిన ఆవిడని ఎప్పటికీ క్షమించదు. చదివిన వెంటనే దీన్ని పొయ్యిలో పెట్టెయ్యి అన్నయ్యా.

నీ చెల్లెలు