రబ్బరు తిత్తి

అన్నూరు, 12-8-1972, శనివారం.
పొద్దున సన్న తుంపర. పెరటి తలుపు మర బిగించాను.

చి.ల.సౌ. రాజామణికి నాయన దీవెనలు. ఇక్కడ అందరం వేళకు తిని తిరుగుతున్నాం. మదురైలో నువ్వూ అల్లుడూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నిమ్మకాయ ఊరగాయ అడిగావు, నేనే తెస్తాను. శుక్రవారం నీకు జరగబోయే ఆపరేషన్‌కు భయపడాలా అనీ అడిగావు. మీ అమ్మ ఆపరేషన్ బల్ల మీదే పోయింది కనుక అడిగావు. దీనికి జవాబు మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను.

పోయిన నెల కోయంబత్తూరులో మీ పిన్ని వల్లియమ్మకు కోత అయ్యాక ఐదు గంటలు సొంత ఊపిరి రాలేదు. డాక్టరు రబ్బరు తిత్తి చేత్తో నొక్కుతూ గాలి పోశాడు. లేచి, కాఫీ ఎక్కడని అడిగింది. తర్వాత ఆయన మా రక్తాలు మద్రాసుకు పంపి చూపించాడు. కోతకు ముందు ఒళ్లు సడలడానికి ఒక సూది వేస్తారట. దాని పట్టు ఉన్నంతసేపూ సొంత ఊపిరి ఆగుతుందట. మామూలుగా అందరి రక్తమూ ఆ మందును నాలుగైదు నిమిషాల్లో విరగ్గొడుతుంది. కొన్ని కుటుంబాల రక్తంలో ఆ శక్తి ఉండదు. ఆ సూది పడేదాకా అది బయటపడదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపం ఇస్తేనే ఇలా అవుతుంది. మనం మేనరికాలు తప్ప చేసుకోం కదా. మీ అమ్మ నుంచి నీకు ఆ లోపంలో ఒక పాలు వచ్చే ఉంటుంది. నా రక్తంలోనూ ఒక పాలుంది. అది నీకు వచ్చిందో లేదో తెలియదు.

పదకొండేళ్ల క్రితం మీ అమ్మకూ ఇదే జరిగింది. డాక్టర్ యేసుదాస్ రెండు గంటలుగా తిత్తి నొక్కుతున్నాడు. చంపేసి నాటకమాడుతున్నాడని మేం తలుపు తోసుకుని వెళ్లాం.

"సచ్చిన మనిసికి గాలి కొట్టి ఎవురికి సూపిస్తా ఉండావు డాక్టరే?" అన్నాడు మీ మామ పెరియసామి.

"వదలండయ్యా. చెయ్యి తీస్తే ఆయమ్మ పోతాది. ఇంకొంచెం సేపుంటే తానే ఊపిరి తీస్తాది."

మీ మామ ఇనప స్టాండుతో కొట్టాడు. కళ్లద్దం పగిలి ఆయన కంట్లో దిగింది. పళ్లు నేల మీద పడ్డాయి.

ఊరంతా మీ మామనే అంటుంది. మొదట ఆ చెయ్యి లాగింది నేను. కళ్ల నిండా రక్తంతో ఆయన పాకుతూ తిత్తి కోసం నేల తడుముతుంటే, ఆ వేళ్లను చెప్పుకాలితో తొక్కింది నేను. విరిగేదాకా తొక్కాను. అప్పటికి మీ అమ్మ ఒళ్లు వెచ్చగానే ఉంది.

ఆనాటి నా దినచర్య పుస్తకంలో "వాన లేదు. నూలు మూటలు ఎత్తించాను. సాయంత్రం" అని ఉంది. అంతటితో ఆగింది.

సూదికి ముందే ఈ ఉత్తరం మీ డాక్టరుకు చదివి వినిపించు. మీ మామను ఆ గది దరిదాపులకు రానివ్వకు. ఇది చదివాక నన్నూ రావద్దంటే గేటు బయటే ఉంటాను. డాక్టరు చెయ్యి అలిసిపోతే మాత్రం పిలిపించు. మీ పిన్నిని చూసిన డాక్టరును అడిగి తిత్తి నొక్కడం నేర్చుకున్నాను.

ఇట్లు
నీ నాయన,
వెంకటరామన్