కుందేలు అని మేమే పేరు పెట్టుకున్నాం

నరసరావుపేట, మంగళవారం రాత్రి

మా లాబ్రడార్‌కి ఈరోజు ఎక్స్‌రే తీయించాం. తుంటి కీళ్లు రెండూ వదులుగా ఉన్నాయట. నేను ఊరుకోలేదు. పిల్లగా ఉన్నప్పుడు అమ్మినవాళ్లు ఇచ్చిన జన్యు పరీక్ష రిపోర్టు ఫోన్‌లో తీసి చూపించాను. తుంటి జబ్బు వచ్చే అవకాశం తక్కువ అని అందులో ఉంది.

"తక్కువ అంటే రాదని కాదమ్మా," అన్నారు డాక్టరు గారు. "ఈ జబ్బు వెనక జన్యువులు చానా ఉంటయ్. ఆ పరీక్ష చూసేది కొన్నిటినే. తిండి, బరువు కూడా కలుస్తయ్. కీలు ఎట్టా ఉందో ఎక్స్‌రేలోనే తెలిసేది." ఆగి అడిగారు: "చిన్నప్పుడు పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి గెంతేదా?"

మా ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. గెంతేది. అది చూసి మురిసిపోయే కదా, కుందేలు అని పేరు పెట్టుకున్నాం. వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపాం. జబ్బు గుర్తునే ముద్దుపేరుగా పిలుస్తూ, కాగితాన్ని నమ్ముకుని...

ఇంటికి రాగానే ఆయన టైల్స్ మీద అది జారకుండా గోనెసంచులు పరిచారు. "ఒసేయ్ రాణీ, ఇట్టా రా," అన్నారు. అది చెవి కూడా కదపలేదు.

"రాణి ఏందండీ?"

"ఆ పేరు ఇంక నోటికి రావట్లేదే."

నేను మెల్లగా "కుందూ" అన్నాను. తోక ఆడిస్తూ, ముందుకాళ్ల మీద బరువు మోపి, వణుకుతూ లేచి నా దగ్గరికి వచ్చింది.

ఎంత నొప్పి ఉన్నా పిలిస్తే లేస్తుంది. రేపటి నుంచి పిలవకూడదు. మేమే దాని దగ్గరికి వెళ్లాలి.