ఆర్చీ మాట ఇంకా పూర్తికాలేదు

12 జూన్ 2014, గురువారం. డంఫ్రీస్.

మా పార్టీలో వికలాంగుల శాఖ ఒకటుంది. ఉందన్న సంగతి పార్టీకి ఇవాళ గుర్తొచ్చింది.

స్కాట్లాండ్ విడిపోవాలా, బ్రిటన్‌లోనే కలిసి ఉండాలా అని సెప్టెంబర్‌లో ఓటింగ్. మా పార్టీ కలిసి ఉండాలంటోంది. పార్టీ చెప్పకముందు నుంచీ నేనూ అదే అంటున్నాను. కౌన్సిలర్ డంకన్ జార్డిన్ ఫోన్ చేశాడు. యూనియన్ వల్ల, అంటే బ్రిటన్‌తో కలిసి ఉండడం వల్ల, వికలాంగులకు కలిగే లాభాల మీద మేమొక సభ పెట్టాలట. లాభాల గురించి రెండు ముక్కలు చెప్పి, ఫొటోలు ఎంత బాగా వస్తాయో చాలాసేపు చెప్పాడు. పార్టీ ఆఫీసుకు ర్యాంప్ వేయించమని అడిగినప్పుడల్లా డబ్బుల్లేవన్నది ఈ మనిషే.

ఎద్దు పుండు కాకికి ముద్దా! అయినా సరేనన్నాను. చెప్పాల్సిన మాట నా దగ్గర నిజంగానే ఉంది.

17 జూన్

ఎల్స్పెత్ వంటింట్లో సమావేశం. పార్టీ ఆఫీసు మెట్లు నా వీల్‌చైర్ ఎక్కదు కాబట్టి మా శాఖకు ఆఫీసు ఈ వంటిల్లే. ఎల్స్పెత్‌కు చూపు లేదు. నాలుక మాత్రం మహా పదును.

నేను మొదలుపెట్టాను. చిన్న దేశంలో సంపాదించేవాళ్ళు తగ్గి ముసలివాళ్ళు పెరిగితే మొదటి కత్తెర పడేది మన మీదే అన్నాను. పెద్ద దేశపు పెద్ద డబ్బు సంచీ అయితే ఒక మూల కరువొచ్చినా ఇంకో మూల నుంచి తీసి పెడతారు. నా వెన్నెముక విరిగిన ఏడాది నన్ను నిలబెట్టిన డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో నేను అడగలేదు. వచ్చింది, బతికాను.

ఎల్స్పెత్ ఊరుకుంటుందా? కళ్ళు కనబడవని రుజువు చేసుకోమంటూ నిరుడు తనకు చీమల బారులాంటి అక్షరాల కాగితం పంపినవాళ్ళే ఆ పెద్ద సంచీ మూతి పట్టుకుని కూర్చున్నారంది. చివరకు తన ఓటు కూడా కలిసి ఉండడానికేనంది. దెబ్బలాడుకోవాలన్నా ఒకే ఇంట్లో ఉండాలట.

ఆర్చీ ఇర్వింగ్ ఎప్పుడూ చివర్న మాట్లాడతాడు. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. మాట ఒక్కొక్కటే వస్తుంది, ఆగుతుంది, మెడ పక్కకు లాగుతుంది, మళ్ళీ వస్తుంది. మా శాఖలో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. ఆర్చీ మాట్లాడుతుంటే కెటిల్ ఆన్ చేయకూడదు. అతని మాట ఎవరూ అందుకోకూడదు, రాబోయే మాటేమిటో తెలిసిపోయినా సరే. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది ఇదే.

ఇవాళ ఆర్చీ ఎక్కువ మాట్లాడలేదు. తను చెప్పేది సభలోనే చెప్తానన్నాడు. సరిహద్దు అవతల, ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో కొన్నాళ్ళు ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ మీద ప్రూఫులు దిద్దిన మనిషి. ఒక్క మాట కూడా వృథాగా వాడడు.

28 జూన్, శనివారం. సాయంత్రం.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను.

హాలు నిండింది. నేను మాట్లాడాను, ఎల్స్పెత్ మాట్లాడింది, జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. జార్డిన్ అధ్యక్షుడు. ఆర్చీ వంతు వచ్చింది.

"ఈ యూనియన్... నాకు... చాలా ఇచ్చింది," అన్నాడు ఆర్చీ. ఆగాడు. "కా..." అన్నాడు. మెడ లాగింది. ఎల్స్పెత్, నేనూ ఎప్పటిలాగే కదలకుండా కూర్చున్నాం. హాల్లో ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరిపారు.

జార్డిన్ తట్టుకోలేకపోయాడు. లేచి, ఆర్చీ భుజం మీద చెయ్యి వేసి, మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"కాబట్టి కలిసే ఉందాం అంటున్నారు మన ఆర్చీ!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు. ఎవరో కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఆ చప్పట్ల కింద ఆర్చీ నోరు ఇంకా కదులుతూనే ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆ మాట "కాబట్టి" కాదు. "కానీ".

ఫొటో తీశారు. బాగా వచ్చిందట.

29 జూన్

పడుకుని లేచినా కోపం తగ్గలేదు.

3 జూలై

వారపత్రికలో మొదటి పేజీ. ఆర్చీ ఫొటో, కింద జార్డిన్ చెప్పిన వాక్యం, దానికి ఆర్చీ పేరు. ఆర్చీ దాన్ని ఎర్ర పెన్నుతో దిద్దమని నాకిచ్చాడు. అతని చేతులు పెన్ను పట్టనివ్వవు. అతను చెప్పినట్టు వాక్యం మొత్తం కొట్టేశాను.

జార్డిన్‌కు ఫోన్ చేశాను. సవరణ వేయించమన్నాను. ఇంత చిన్న విషయానికి రాద్ధాంతం ఎందుకన్నాడు. పాపం అంత కష్టపడుతుంటే చూడలేక సాయం చేశాడట! పైగా అతను అనబోయింది అదే కదా, మీరంతా మన పార్టీవాళ్ళే కదా అన్నాడు. సవరణ వేస్తే అవతలివాళ్ళు ఆడుకుంటారు, ఓటింగ్ అయ్యాక చూద్దామన్నాడు.

ఓటింగ్ అయ్యాక ఆ వాక్యం ఎవరిక్కావాలి?

10 జూలై

అవతలి పక్షం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. గొంతులో తేనె. ఆర్చీ విడిపోదామనే అనబోయాడని, మా పార్టీ అతని నోరు నొక్కిందని తమకు తెలిసిందట. అలా అని వీడియోలో ఒక ముక్క చెప్పిస్తారా అని అడిగింది.

వీళ్ళూ వాక్యం పూర్తి చేసుకునే వచ్చారు. ఆర్చీ ఫోన్ నంబరు మాత్రం అడగలేదు. నన్నే అడిగారు, నేనేదో అతని మేనేజర్ననుకుని. ఫోన్ పెట్టేశాను.

ఎల్స్పెత్‌కు చెప్పాను. "ఏమే నెట్టా, ఆ మనిషి మాట కొంచెంసేపు ఆగిందో లేదో, రెండు దేశాలూ వచ్చి దాని మీద జెండా పాతేశాయి," అంది.

14 జూలై

ఆర్చీని అడిగాను, పత్రికకు ఉత్తరం రాద్దామా అని. వద్దన్నాడు. ఎక్కడ తెంచారో అక్కడే చెప్తానన్నాడు. అదే హాలు, అదే మైకు, ఓటు పడేలోపు.

22 ఆగస్టు

కరపత్రం వచ్చింది. మళ్ళీ అదే ఫొటో, అదే వాక్యం. నా తలుపు సందులోనే వేసి వెళ్ళారు!

2 సెప్టెంబర్

చివరి సభ పదకొండున, అదే హాల్లో. మా శాఖ తరఫున నాకు ఐదు నిమిషాలిచ్చారు. ఆర్చీకి ఇవ్వమంటే జార్డిన్ ఒప్పుకోలేదు. పెద్ద నాయకులొస్తున్నారట, టైము కష్టమట. నెట్టా గారైతే చక్కగా మాట్లాడతారట.

నేను చక్కగానే మాట్లాడతాను.

11 సెప్టెంబర్

"నా పేరు నెట్టా కరదర్స్. కలిసి ఉండాలనే ఓటు వేస్తాను. నాకిచ్చిన టైము ఆర్చీ ఇర్వింగ్‌కు ఇస్తున్నాను." అంతే. స్టాండులోంచి మైకు తీసి ఆర్చీ నోటి దగ్గర పట్టుకున్నాను.

ఆర్చీ మొదలుపెట్టాడు. ఆగాడు. హాలు ఇబ్బందిగా కదిలింది. జార్డిన్ కుర్చీలోంచి లేచాడు. ఎల్స్పెత్ ఆ చప్పుడు విని తన తెల్లకర్ర అడ్డంగా చాచింది. "కూర్చోండి డంకన్. మాట వస్తోంది," అంది, హాలంతా వినబడేలా. జార్డిన్ కూర్చున్నాడు. ఇక ఎవరికీ దగ్గు రాలేదు.

ఆర్చీ అన్నది ఇది. మధ్యలో ఎంతసేపు ఆగాడో రాయను, మాటలే రాస్తాను.

"ఈ యూనియన్ నాకు చాలా ఇచ్చింది. కానీ కార్లైల్‌లో నాకు ఉద్యోగం దొరికినప్పుడు నాతో రాలేదు. పెన్షన్ వచ్చింది. పొద్దున నన్ను లేపి కూర్చోబెట్టడానికి ఇక్కడి ఆఫీసు పంపే మనిషి సరిహద్దు దగ్గర ఆగిపోయింది. నాకెంత సాయం కావాలో అవతలి ఆఫీసువాళ్ళు మళ్ళీ మొదటి నుంచి కొలవాలన్నారు. కొలిచేలోపు ఉద్యోగం పోయింది. దేశం ఒకటేనన్నారు. నేను మంచం మీంచి చూస్తే రెండు."

కార్లైల్ ఇక్కణ్ణుంచి ఎంత దూరం? సినిమాకని వెళ్ళొస్తాం. అక్కడి నుంచి ఎందుకు తిరిగొచ్చేశావని ఇన్నేళ్ళలో ఆర్చీని ఏ నాయకుడూ అడగలేదు. లాభాల సభలు పెట్టడానికి మాత్రం పరుగెత్తుకొస్తారు!

వెనక వరసలోంచి ఒకాయన లేచి, మరి ఓటు ఎటు వేస్తారని అడిగాడు. మర్యాదగానే అడిగాడు, జవాబు కోసం నిలబడే ఉన్నాడు.

"గురువారం చెప్తాను. పెట్టెకి," అన్నాడు ఆర్చీ.

హాలు నవ్వింది. ఈసారి అతనితో కలిసి నవ్వింది.

బయట జార్డిన్ నన్ను పట్టుకున్నాడు. మీ వల్ల ఓట్లు పోయాయన్నాడు. ఆర్చీ చెప్పిందంతా విన్నాక కూడా నేను కలిసి ఉండాలనే అంటున్నానన్నాను. సగం కట్టిన ఇంటిని కూలగొట్టనక్కర్లేదు, పైకప్పు వేయాలి. అది లేదని చెప్పినవాణ్ణి ద్రోహి అంటే మాత్రం ఊరుకోనన్నాను. అతనికేమీ అర్థం కాలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

18 సెప్టెంబర్, గురువారం

ఓటు వేశాను. కలిసి ఉండడానికే.

తర్వాత ఆర్చీది. చేతులు పట్టు తప్పే మనిషికి ఓటు గడిలో గుర్తు పెట్టడానికి తోడుగా ఒకరు వెళ్ళొచ్చు. సంతకం చేసి వెళ్ళాను. బల్ల నాకు సరిపోయే ఎత్తులో ఉంది, కాగితం ముందుంది, పెన్సిల్ నా చేతిలో ఉంది. అవును అంటే విడిపోవడం, కాదు అంటే కలిసి ఉండడం. రెండే గడులు. ఆర్చీ చెప్పాల్సింది ఒక్క మాట.

ఆ ఒక్క మాట కూడా అతనికి వెంటనే రాలేదు. మెడ లాగింది. నాకేం కావాలో నాకు తెలుసు. ప్రాణం పోతున్నంతగా కావాలి. చూస్తే పెన్సిల్ మొన అప్పటికే ఆ గడి మీదికి జరిగి ఉంది. ఎప్పుడు జరిపానో తెలీదు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కాగితం వంక కాకుండా అతని ముఖం వంక చూస్తూ కూర్చున్నాను.

చెప్పాడు. గుర్తు పెట్టాను. మడిచి, అతని చేతిని నా చేత్తో పట్టి పెట్టెలో వేయించాను.

19 సెప్టెంబర్

కలిసే ఉంటున్నాం. జార్డిన్ ఫోన్ చేశాడు, పత్రికవాళ్ళు చేశారు, ఆ తేనె గొంతావిడా చేసింది. ఆర్చీ ఎటు వేశాడని.

ఇక్కడ కూడా రాయను.