ఆ దద్దుర్లు అన్నయ్యవి

పెదపాడు కాపురస్తులు, చేపల చెరువు కాపలాదారు విశ్వాసం గారి కుమార్తె క్రిస్టినా అను నేను, వయస్సు ఇరవై ఆరు, రక్త క్యాన్సర్ తిరగబెట్టినా మతి చెదరలేదని డాక్టరు గారు రాసిచ్చిన మీదట, ఎవరి బలవంతమూ లేకుండా స్వదస్తూరీతో రాస్తున్న వీలునామా. దీన్ని అమలుపరచవలసినది నా స్నేహితురాలు జాయ్సీ.

1. నా స్కూటీ జాయ్సీకి. బ్రేకు ఆలస్యంగా పడుతుంది. బాగుచేయించకుండా ఎక్కరాదు.

2. నా దుప్పటి అమ్మ కృపమ్మకు. ఉతకొద్దంటే వినదు కాబట్టి ఉతకమనే రాస్తున్నాను.

3. ఆసుపత్రి ఫ్రీజరులోని నా రక్తం నమూనాలు పరిశోధనకే చెందును. వారసులెవరూ అడగరాదు.

4. పెద్దమ్మ సువర్ణ గారికి నా ఆస్తిలో ఏమీ లేదు. కింది క్లాజు వినడం మాత్రం తప్పనిసరి.

5. అన్నయ్య క్రాంతి కుమార్ నాకు ఎముక మజ్జ ఇచ్చాడు. అందులోంచి పుట్టే టి-కణాలనే రక్షక కణాలు క్యాన్సర్ కణం మీది గుర్తును పసిగట్టి దాన్ని చంపాలి. జబ్బు తిరగబెట్టగానే పెద్దమ్మ ఉపవాస కూడికలో అందరి ముందూ అన్నారు: "తాగినోడి రక్తం ఎక్కిస్తే ఏం నిలబడుద్దండీ?" ఆనాటి నుంచి అన్నయ్య మా ఇంట్లో అన్నం ముట్టలేదు.

జరిగింది ఇది. మార్పిడి తర్వాత నా ముఖం నిండా దద్దుర్లొచ్చాయి. "మీ అన్నయ్య కణాలు పనిలోకి దిగినట్టున్నాయమ్మా. మాకు చెప్పకుండా ఏ మందూ వాడకండి" అన్నారు డాక్టరు గారు. తాడేపల్లిగూడెంలో నా స్నేహితురాలు పెర్సిస్ పెళ్లికి నేను తోడిపెళ్లికూతుర్ని. ఆ ముఖంతో ఫొటోల్లో నిలబడలేక, అక్కడ నన్నెరగని ఆర్‌ఎంపీ ఏలీయా గారి దగ్గర జబ్బు దాచి స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకున్నాను. "ఏదో పడలేదేమోనమ్మా?" అన్నారాయన. అవునండీ అన్నాను. పది రోజులు మింగాను. బయోటెక్నాలజీ చదివినదాన్ని, అవి టి-కణాలను అణచేస్తాయని తెలిసే మింగాను. ఫొటోలు బాగా వచ్చాయి.

మాత్రలకు ముందు తీసిన రక్తంలో అన్నయ్య కణాలు క్యాన్సర్‌ను గుర్తుపట్టాయని ల్యాబ్ రిపోర్టు ఉంది. తర్వాతి దానిలో అవి పల్చబడ్డాయి. మాత్రల వల్లేనని ఖాయంగా చెప్పలేమన్నారు డాక్టరు గారు. కాదనీ అనలేదు.

మొదటి రిపోర్టు అసలు ప్రతి అన్నయ్యకు.

6. నా జ్ఞాపకార్థ కూడికలో, పెద్దమ్మ వచ్చి కూర్చున్నాకే, జాయ్సీ అయిదో క్లాజు గట్టిగా చదవాలి. ఆ తర్వాతే భోజనాలు. మొదటి విస్తరి అన్నయ్యకు. అతను కూర్చుని ముద్ద కలిపేదాకా ఇంకెవరికీ వడ్డించరాదు.

పెదపాడు, 11 ఫిబ్రవరి 2025
(సంతకం) క్రిస్టినా

మా ఎదుట సంతకం చేసినట్టు సాక్షులు:
గాయత్రి, లెక్చరర్, వట్లూరు
ఈశ్వరప్రసాద్, రైతు, పెదపాడు