ఓడెక్కినవాడి ముద్ద

రాయచోటి, 1955 మార్చి, శుక్రవారం

మా ముత్తాత తమ్ముడు ఎనభై ఏళ్ల కిందటి ధాతు కరువులో మద్రాసుకు నడిచిపోయి, ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరుకు తోటలకు పోయాడు. తర్వాత కబురే లేదు. ఆయన మునిమనవణ్ణంటూ గంగన్న అనే అతను నేటాలు నుంచి ఈ పొద్దున మా అంగడికి వచ్చాడు. ఇంటిపేరు కలిసింది గానీ, ఆ ఇంటిపేరువాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. అయినా దూరం నుంచి వచ్చిన మనిషి కదా అని భోజనానికి తీసుకొచ్చాను.

మా అవ్వ సంగటి వడ్డించింది. గంగన్న తినబోయే ముందు చిన్న ముద్ద తుంచి ఆకు పక్కన పెట్టాడు. అవ్వ అలాగే నిలబడిపోయింది.

"అది ఎవరికప్పా?"

"ఈ దేశంలో నిలిచిపోయినోళ్లకవ్వా. కరువులో అందరూ సచ్చిపోయినారంట. మా ఇంట్లో దినామూ పెడతాము."

మా ఇంట్లోనూ రోజూ పెడతాం, ఓడెక్కినవాడికి. ఆయన సముద్రంలోనే పోయాడని మావాళ్ల నమ్మకం.

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ఇన్నేండ్లూ ఆడి కాకులూ ఈడి కాకులూ బాగా తిన్యాయి పో," అంటూ కూర్చుని, ఆ ముద్ద తీసి నోట్లో వేసుకుంది. "నిలిచిపోయినోళ్లకి అంటివి కదప్పా. నేనుండా. తింటాండా."

వచ్చే వారం అతను మళ్లీ ఓడెక్కాలి. ఈసారైనా కబురు తెగకుండా ఉంటుందో లేదో...

రాత్రి కూడా అలవాటు కొద్దీ ముద్ద తుంచాను. పక్కన పెట్టబోయి, గంగన్న ఆకులో వేశాను.