దాటేసిన చేప పేజీ

జనవరి 30, మంగళవారం
లైబ్రరీలో మా దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకి మా భాష క్లాసు మళ్ళీ మొదలు. రిటైరయ్యాక నాకున్న పని ఇదొక్కటే. ఈసారి తిండి మాటలు. రొట్టె మీద ఏం వేసుకున్నా దాన్ని "పోలెగ్" అంటాం అన్నాను. ఎరిత్రియా నుంచొచ్చిన హివెట్ నవ్వింది. చీజ్‌కీ, చేపకీ, జామ్‌కీ ఒకటే పేరా టీచర్, మాటలు కూడా పొదుపేనా మీకు, అంది.
నిజమే. పొదుపే.

ఫిబ్రవరి 6
బ్రూనోస్ట్, అంటే మా గోధుమరంగు తియ్య చీజ్, రుచి చూపించాను. ఇది చీజ్ కాదు టీచర్, మిఠాయి, షాపువాడు మిమ్మల్ని మోసం చేశాడు అంది హివెట్. చాన్నాళ్ళకి పగలబడి నవ్వాను.

ఫిబ్రవరి 20
పుస్తకంలో స్క్రై పేజీ వచ్చింది. చలికాలంలో గుడ్లు పెట్టడానికి మా తీరానికొచ్చే కాడ్ చేప. దాటేసి బంగాళాదుంపల పేజీ తీశాను. హివెట్ కనిపెట్టేసింది. ఊరంతా ఆ చేపే ఆరేసుంది కదా, దాని పేరు మాకొద్దా అని అడిగింది. తలనొప్పని చెప్పి క్లాసు ముగించాను.

ఫిబ్రవరి 21
పదకొండేళ్ళ కింద ఈలెర్ట్ చేపల వేటకెళ్ళాడు. పడవ దొరికింది. మా ఆయన దొరకలేదు. అప్పట్నుంచీ ఈ సముద్రం చేప నోట పెట్టలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా రాయలేను.
రాస్తాను. ఆ చేపలు ఏం తిన్నాయో అని.

ఫిబ్రవరి 22
షాపులో ఐస్ మీద పరిచిన చేపల్ని చూడకుండా నడిచాను. అవి చూశాయి.

ఫిబ్రవరి 27
హివెట్ ఇంటికొచ్చింది. ఈలెర్ట్ సంగతి ఊళ్ళో ఎవరో చెప్పారట. నేను రమ్మనకముందే వంటింట్లో కూర్చుంది. తన తమ్ముడూ సముద్రంలోనే ఉన్నాడంది. లిబియా నుంచి పడవలో దాటుతుంటే తన చేతిలోంచి జారిపోయాడట. తర్వాత మూడేళ్ళు చేప వాసనే పడలేదట. మరిప్పుడెలా అన్నాను.
నాకు పని దొరికింది చేపల ఫ్యాక్టరీలో టీచర్, అంది. రోజంతా కడుపులు చీల్చడమే. మొదటి వారం ప్రతి కడుపులోనూ వాణ్ణి వెతికాను. చిన్న చేపలే ఉన్నాయి. మీ ఆయన కూడా లేడు. నేను చూశాగా.
కాఫీ పోశాను. సగం బల్ల మీద పడింది.

మార్చి 3, ఆదివారం
తనే చేప తెచ్చింది. వండడం నేను చెప్పాను. నీళ్ళు మరగకూడదు, వణకాలంతే. కార్జం వేరే గిన్నెలో, ఉల్లిపాయతో. ఒక్కో మాటా మా భాషలో నేను చెప్పడం, తను పలకడం. స్క్రై అనడానికి నాకే నోరు తిరగలేదు.
మొదటి ముద్ద గొంతులో ఆగింది. హివెట్ నా వీపు మీద చెయ్యి వేసింది. మింగాను.
రుచిగా ఉంది. అదే దారుణం.

మార్చి 4
వంటింట్లో నిలబడి, ఆ రోజు అంత గాలిలో ఎందుకెళ్ళావని ఈలెర్ట్‌ మీద అరిచాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది. అయినా అరిచాను. తర్వాత ఆకలేసింది.